రెండో పళ్లెం

“ఎదుటిపక్షం లేకుండా ఎపిసోడ్ వెళ్లదమ్మా. మనది పాడ్‌కాస్టు, ప్రచారం కాదు,” అన్నాడు తక్కెడ.

ఆ పేరు ఎడిటర్ పెట్టిందే. ఏ గొడవ మీద మాట్లాడినా రెండు పళ్లాలూ సమంగా తూగాలంటాడు పాడ్‌కాస్టు నడిపే ఆ పెద్దమనిషి. తూకపురాయి మాత్రం తన జేబులోనే ఉంచుకుంటాడు. అందుకే ఆయనంటే ఎడిటర్‌కి ఒళ్లుమంట.

“ఇల్లు తగలబడిందని ఒకడొస్తే, నిప్పు తరఫున ఇంకొకణ్ణి పిలుస్తారా సార్?” అన్నాడు ఎడిటర్, మైకు సరిచేస్తూ.

“నువ్వు నీ వైర్లు చూసుకోవయ్యా.”

ఎదురుగా కూర్చున్న నర్సు నవ్వలేదు. ఆమె ట్రాన్స్ మహిళ. ఆ సంగతి బయటపడ్డప్పటి నుంచి ఆస్పత్రివాళ్లు ఆమెను వార్డులో అడుగు పెట్టనివ్వడం లేదు. ఉద్యోగం ఉంచాలో పీకాలో రేపు కమిటీ తేలుస్తుంది. ఈలోగా తన మాట నలుగురి చెవినా పడాలని ఆమె ఆరాటం. ఆమె చెప్పాల్సింది చెప్పేసింది, రికార్డయింది కూడా. ఆస్పత్రివాళ్లని అడిగితే ఫోన్ పెట్టేశారు. రెండో పళ్లెం ఖాళీ.

“మా అన్నయ్య మాట్లాడతాడు సార్,” అంది ఉన్నట్టుండి. “ఫోన్లోనే. పేరు చెప్పకూడదు. ప్రసారంలో గొంతు మార్చాలి.”

“మీతో మాటలున్నాయా ఆయనకి?”

“అమ్మ పోయినప్పటి నుంచి లేవు. మీతో మాట్లాడతాడు.”

తక్కెడ మొహం చాటంతయింది.

“అవన్నీ వింటూ నేనిక్కడ కూర్చోలేను,” అని ఆమె బయట మెట్ల మీదికి వెళ్లిపోయింది. కాసేపటికి ఫోన్ మోగింది.

బొంగురు గొంతు. మొహమాటం లేని మనిషి.

“చీర కట్టిన రోజే వాడు మాకు చచ్చాడండీ. అమ్మని కడసారి చూస్తానని గుమ్మం దాకా వచ్చాడు. మొహం మీదే తలుపేశాను. అలాంటివాడు మీ ఆవిడ మీద చెయ్యేసి నాడి చూస్తే మీరు ఊరుకుంటారా?”

“ఆ తలుపు మాట ఇంకోసారి అనండి. స్పష్టంగా రావాలి.”

అన్నయ్య ఒక్క అక్షరం పొల్లుపోకుండా మళ్లీ అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

తక్కెడ మైకు మూసి గుసగుసలాడాడు. “ఎంత నిజాయితీ చూశావా! ఆమె మాటల్లో ఈ పదును లేదయ్యా. ఆమెది కాస్త కత్తిరించు, ఈయనది మొత్తం ఉంచు.”

“ఇదేనా సార్ సమానం?”

“వినేవాడికి ఏది కావాలో అదే సమానం.”

ఎడిటర్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాడు. గ్లాసులో నీళ్లు పట్టుకుని లేచాడు. తోడబుట్టినవాడి చేత ఇన్ని మాటలు పడ్డ మనిషికి గుక్కెడు నీళ్లయినా ఇవ్వాలి కదా.

మందపాటి తలుపు నెట్టుకుని బయటికొచ్చాడు. ఆమె మెట్టు మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చెవి దగ్గర ఫోన్. అందులోంచి తక్కెడ గొంతు సన్నగా వినిపిస్తోంది.

“అన్నయ్యగారూ, లైన్లో ఉన్నారా?”

“ఉన్నానండీ,” అంది ఆమె, గొంతు బొంగురు చేసి.