వంకరపోని కుట్టు

భోజనాల గంట కొట్టాక, మరిచిపోయిన బైబిలు కోసం వెనక్కి వచ్చిన సాక్ష్యం అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆమె మిషన్ ముందు కొత్తావిడ కూర్చుని ఉంది.

ఒళ్లో అక్క కట్ట. చేతిలో బ్లేడు. పొద్దుటినుంచి అక్క కుట్టిన కాలర్ల కుట్లు ఒక్కొక్కటిగా విప్పుతోంది.

"అయ్యో అయ్యో! అందరూ రండర్రా! నా నోటి దగ్గర కూడు లాగేస్తోంది!"

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఎవరి కట్ట వాళ్లదే. కట్టకున్న చీటీ మీద కుట్టినవాళ్ల నంబరు ఉంటుంది. వేరేవాళ్లు ముట్టుకుంటే పని పోతుంది. రోజూ భోజనాలయ్యాక కట్టలు చెకింగ్‌కి వెళ్తాయి. కాలర్లు వంకరని తిరిగొస్తే ఆ నంబరుకు హెచ్చరిక. మూడు హెచ్చరికలైతే ఇంటికే.

అక్కకు అప్పటికే రెండయ్యాయి.

కళ్లు మసకబారుతున్నాయని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే మిషన్ పోతుంది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. అందుకే రోజూ పొద్దున మిషన్ మీద చెయ్యి వేసి, తల వంచి గొణుక్కునేది.

"ప్రభువా, నా కళ్లు నువ్వే చూసుకో. నా కుట్టు వంకర పోనివ్వకు."

నెలరోజులుగా ఒక్క కాలరూ తిరిగి రాలేదు. బస్సులో సీటు దొరికినా దేవుడి మేలేనని సాక్ష్యం చెప్పి ఆ పేరు తెచ్చుకున్న మనిషికి ఇది చిన్న సంగతా? ఆదివారం చర్చిలో సంఘం ముందు లేచి నిలబడి, ఏడుస్తూ చెప్పింది. విన్నవాళ్లూ కళ్లొత్తుకున్నారు.

నెల కిందట చేరిన కొత్తావిడది దారాలు కత్తిరించే పని. అక్క వెనకాలే కూర్చుంటుంది. భోజనాల దగ్గర ప్రార్థనకు రమ్మంటే, "నాకు ప్రార్థన రాదక్కా" అని నవ్వేసింది. అప్పటినుంచి అక్క ఆమెతో మాట్లాడటం మానేసింది. మిషన్ మీద మాత్రం పొరుగువాణ్ణి ప్రేమించమనే వాక్యం అంటించుకుంది. అక్క లెక్కలో పొరుగంటే, సంఘంలో తన బల్ల మీద కూర్చునేవాళ్లే.

కేకలు విని సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

"ఎందుకు విప్పావమ్మా?"

కొత్తావిడ అక్క వైపు చూసింది. ఒక్క క్షణం ఆమె కళ్లలోకే చూసింది.

"ఊరికే సార్" అంది.

"ఊరికేనా! నా ఉద్యోగం ఊడగొట్టాలని చూస్తోంది సార్. ఇలాంటివాళ్లను దేవుడు ఊరికే వదలడు!"

"ఇంకొకరి కట్ట ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసుగా?" అన్నాడు సూపర్‌వైజర్.

"తెలుసు సార్."

లేచి, చేతికంటుకున్న దారపు పోగులు దులుపుకుంది. సంచీ వెతికి పంపమని కూడా అక్కే పట్టుబట్టింది. అందులో మూత తీయని అన్నం డబ్బా తప్ప ఏమీ లేదు.

ఆ రోజు కట్టను లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం ఇంటి ప్రార్థన కూడికలో అక్క మళ్లీ సాక్ష్యం చెప్పింది. శత్రువును బయటపెట్టిన దేవునికి స్తోత్రం అంది.

మర్నాడు పదకొండు కాలర్లు తిరిగొచ్చాయి.

"ఇదీ ఆవిడ పనే సార్!"

"ఇవి ఇవాళ కుట్టినవక్కా. ఆవిడ నిన్ననే వెళ్లిపోయిందిగా" అన్నాడు సూపర్‌వైజర్.

అక్క ఒక కాలరు తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

బొత్తాలు కుట్టే పిన్నిది పక్క మిషన్. నిన్న సెలవు పెట్టింది. ఖాళీగా ఉన్న స్టూలు చూసి, కొత్తావిడ ఏదని అడిగింది. జరిగింది విని తల పట్టుకుంది.

"ఎంత పని చేశావే! రోజూ తిండి మానుకుని, నీ వంకర కుట్లు విప్పి మళ్లీ కుట్టిపెట్టేది. ఇరవై ఏళ్లు కాలర్లు కుట్టిన చెయ్యి ఆవిడది."

"మరి ఆ మాట నిన్న ఆవిడే చెప్పొచ్చుగా పిన్నీ?"

"చెబితే నీ కళ్ల సంగతి బయటపడదూ?"

అక్క సిగ్గుతో చచ్చిపోయింది. సంఘం ముందు కార్చిన కన్నీళ్లు, నిన్న చెప్పిన స్తోత్రం, సంచీ వెతకమన్న తన గొంతు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఎవరి మొహమూ చూడలేక నేల చూపులు చూస్తూ సూపర్‌వైజర్ గదికి వెళ్లింది.

"నాకు కళ్లు సరిగా కనబడట్లేదు సార్. దాచిపెట్టాను. ఆవిడ తప్పేమీ లేదు. నా పేరు కొట్టేసి ఆవిణ్ణి పిలిపించండి."

ఆయన రిజిస్టరు తిరగేసి ఫోన్ చేశాడు.

"పొద్దున్నే గది ఖాళీ చేసిందట. ఎక్కడికెళ్లిందో ఇంటివాళ్లకు తెలీదట. ఇక నీ సంగతంటావా, సాయంత్రం మాట్లాడదాం."

అక్క వచ్చి మిషన్ ముందు కూర్చుంది. ప్రార్థించుకుందామని తల వంచింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

"నేనావిడతో ఒక్క మంచి మాటైనా మాట్లాడలేదు పిన్నీ. నాకోసం ఎందుకు చేసినట్టు?"

"నేనూ అదే అడిగాను" అంది పిన్ని. "రోజూ పొద్దున నువ్వు గొణుక్కునేది ఆవిడకు వినబడేదట. 'దేవుడు విన్నాడో లేదో నాకు తెలీదు పిన్నీ, నేనైతే విన్నానుగా' అంది."