ఎనిమిదో గ్రహం తిరిగి రాలేదు

ఏడు గ్రహాలు తిరిగొచ్చాయి. ఎనిమిదోది రాలేదు.

బడి గేటు ముందు స్టూలు మీద ఫుట్‌బాల్ పెట్టి, దాని పక్కన అద్దం పట్టుకుని నిలబడ్డ నాలుగో తరగతి టీచరు మళ్లీ లెక్కపెట్టింది. బుధుడు ఉన్నాడు. శుక్రుడు ఉన్నాడు. ఆవగింజంత భూమి ఎక్కడ జారిపోతుందోనని గుప్పిట బిగించినవాడూ ఉన్నాడు. నెప్ట్యూన్ మాత్రం లేదు.

"ఆయమ్మా, తక్కెడ ఏది?"

తక్కెడ అంటే శనగగింజంత నెప్ట్యూన్‌ని పట్టుకెళ్లిన పిల్ల. ఆటలోగానీ పంపకంలోగానీ రవ్వంత తేడా వచ్చినా ఒప్పుకోదని క్లాసంతా కలిసి పెట్టిన పేరది.

"యురేనస్ దగ్గరే కూలబడిపోయానమ్మా," అంది ఆయా మోకాళ్లు రుద్దుకుంటూ. "ఇంకో అడుగు కూడా నా వల్ల కాదన్నా. 'పర్లేదు ఆయమ్మా, నేనెళ్తా' అని చక్కా పోయింది. అద్దం మెరవగానే మేం బయల్దేరాం. వెనకాలే వస్తోందనుకున్నా."

ఆట ఒప్పందం అదే. ఫుట్‌బాల్ సూర్యుడు. ఎవరి గ్రహం వాళ్లు పట్టుకుని, రోడ్డు మీద సుద్దతో గుండ్రంగా గీసిన చోటికి వెళ్లి నిలబడాలి. సూర్యుడి దగ్గర అద్దం మెరిస్తే వెనక్కి రావాలి. మూతపడ్డ మిల్లుకి పోయే రోడ్డు కాబట్టి బండ్ల భయం లేదు. తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంటుంది కూడా.

హెడ్మాస్టరుగారు చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చారు.

"గ్రహాలు గోడ మీద బుద్ధిగానే ఉన్నాయి కదండీ! చార్టు చూపించి ఊరుకోమంటే విన్నారా? ఇంకాసేపట్లో వాళ్ల నాన్న వస్తాడు. ఏం చెప్తారు, మీ అమ్మాయిని నెప్ట్యూన్‌కి పంపించానంటారా?"

ఇంకోసారైతే టీచరుకి నవ్వొచ్చేదే. ఇప్పుడు రాలేదు. అద్దాన్ని అటూ ఇటూ తిప్పి మెరిపించింది. రోడ్డు మీద చీమైనా కదల్లేదు. అద్దాన్ని ఆయన చేతిలో పెట్టేసి పరుగు అందుకుంది.

మొదటి నాలుగు గ్రహాల గీతలూ చూస్తుండగానే వెనకబడిపోయాయి. గురుడి గీత దగ్గరికి వచ్చేసరికి ఆయాసం మొదలైంది. శని దగ్గర చెప్పు తెగితే, రెండోదీ అక్కడే వదిలేసింది. ఆ తర్వాత ఇంకేమీ లేదు. ఒట్టి రోడ్డు. ఎంత పరిగెత్తినా రోడ్డే.

ఇన్నేళ్లుగా ఆవిడ చార్టు మీదే పాఠం చెప్పింది. అందులో గ్రహాలన్నీ టికెట్ల క్యూలో జనంలా భుజాలు రాసుకుంటూ ఉంటాయి. ఇంత ఖాళీ ఉందని నోటితో చెప్పడమే తప్ప ఒక్కసారీ ఊహించుకోలేదు. ఈ ఖాళీలోకి పదేళ్లు నిండని పిల్లని ఒంటరిగా పంపేశానే అనుకుంటూ ఇంకా జోరుగా పరిగెత్తింది.

యురేనస్ దగ్గర ఆయా చతికిలబడ్డ చోటు కూడా దాటింది. వచ్చినదాంట్లో ఇంకో సగం దూరం పరిగెత్తాక కల్వర్టు గట్టు మీద చిన్న గౌను కనిపించింది.

తక్కెడ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. అరచేతిలో శనగగింజ భద్రంగా ఉంది.

టీచరు ఆ పిల్లని అమాంతం వాటేసుకుంది. తిట్టబోయి ఏడ్చేసింది.

"టీచర్, అటు చూడండి," అంది పిల్ల మెల్లగా, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. "మనం కనబడట్లేదు."

టీచరు తిరిగి చూసింది. గేటు చిటికెనవేలి గోరంత కూడా లేదు. స్టూలు కంటికి ఆనలేదు, సూర్యుడూ ఆనలేదు. ఆ సూర్యుడికి దగ్గర్లోనే ఎక్కడో ఆవగింజంత భూమి. దాని మీదే సముద్రాలు, కొండలు, ఇన్ని కోట్లమంది, హెడ్మాస్టరుగారి కోపం, ఇందాకటి తన భయం. అన్నీ ఆ గింజ మీదే. కాసేపు ఇద్దరూ చేతులు పట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయారు.

అంతలో దూరంగా తళుక్కున మెరిసింది. హెడ్మాస్టరుగారు అద్దాన్ని ఎడాపెడా తిప్పేస్తున్నట్టున్నారు.

టీచరుకి ఈ లోకం గుర్తొచ్చింది.

"అదిగో, మెరిసిందా? కనిపించిందా నీకు?"

"కనిపించింది టీచర్. ఇందాక కూడా కనిపించింది."

"మరి రాలేదేమే తల్లీ? ప్రాణాలు తోడేశావు కదే!"

తక్కెడ ఆవిడ వంక జాలిగా చూసింది. అరచేతిలోని గింజని చూపించింది.

"సూర్యుడి వెలుగు నెప్ట్యూన్ దాకా రావడానికి నాలుగు గంటలు పడుతుందని మీరేగా చెప్పారు? నాకైతే కనిపించింది టీచర్, దీనికే ఇంకా కనిపించలేదు!"