జనరల్ గారి మనుషులు

రేపటి సెమినార్‌కు పేపరు ప్రింటు తీయించాలి, చీర ఇస్త్రీ చేయాలి, సోవియట్ సైన్యంలో పనిచేసిన అజర్‌బైజాన్ జనరల్ గులామ్‌లీ జీవితం బట్టీ పట్టాలి. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కదాన్నే, తడబడకూడదు.

కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండబెడుతున్న అమ్మకు నా పేపరు చదివి వినిపించాను.

"పద్దెనిమిది పతకాలమ్మా."

"మెడ నొప్పెట్టనేదేటే? అంటే మన పడవ తండేలులాగ ఆళ్లందరికీ పెద్ద. మరెంతమందిని ఒడ్డుకి తెచ్చినాడు?"

"అది రాసుకోలేదు."

"మీ అయ్య పడవ దిగ్గానే నానేటడుగుతాను? సేపలెన్నని అడుగుతానా?"

"కాదు, అందరూ వచ్చారా అని."

జనరల్ జీవితచరిత్ర పుస్తకమంతా వెతికితే, తిరిగి రానివాళ్లలో చిన్న అక్షరాల్లో ఒక్క పేరే దొరికింది, వంతెన దగ్గర చనిపోయిన జీపు డ్రైవర్‌ది. పేపరులో మొదటి వాక్యం కొట్టేసి ఇలా రాశాను:

జనరల్ పేరు మరిచిపోయినా ఫరవాలేదు, డ్రైవర్ వాసిఫ్‌ను గుర్తుంచుకోండి.