ఈనె తీసిన ఆకు

అమ్మేశాక కోరుట్లలో మా దొరల కోటలాంటి ఇల్లు, గడికి మొదటిసారి వచ్చాను. ఇప్పుడది హోటల్. యజమాని భాగ్య, ఒకప్పుడు మాకు కల్లు తెచ్చినవాళ్ళ బిడ్డ. గిరాకీ వెళ్ళిపోయాక దీపాలు తగ్గించి, ఖాళీ ఉయ్యాల మీద ఈనె తీసిన తమలపాకు పెట్టింది. మా నాయనమ్మ ఆ ఉయ్యాల మీదే కూర్చుని, ఆకు అలాగే తినేది.

"నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను.

"పెద్ద దొరసానే చెప్పిందమ్మా. రోజు రాత్రి అస్తది."

నాయనమ్మ పోయి ఇరవై ఏళ్ళు. నాకు కలలో కూడా కనిపించలేదు. భాగ్య తల్లిని గడప అవతలే నిలబెట్టిన మనిషి, ఈమె దగ్గరికి వస్తుందా! ఆ ఆకు తీసేసి, నా చేత్తో ఇంకొకటి పెట్టాను.

ఉయ్యాల గొలుసులు కిర్రుమన్నాయి. నా ఆకు నేల మీద పడింది.

"నాయనమ్మా, నేను నర్మదను."

గొలుసులు ఆగాయి. ఉయ్యాల మీంచి తెలిసిన గొంతు విసుక్కుంది.

"భాగ్యా, గామెను గడప అవతల నిలవెట్టు."