జురావ్కా చావుగంట

వేళ కాని వేళ చర్చిగంట మోగితే తెల్లారేలోగా ఊళ్ళో ఒక చావు తప్పదని జురావ్కా వాసుల నమ్మకం.

చర్చి మూతపడి మ్యూజియమైన తరువాత కూడా ఆ గంటను చావులకు తప్ప ఎవరూ తాకలేదు.

ఆ పల్లెలో బయటివాళ్ళు చూడదగ్గవి రెండే: ఆ చర్చి, రోడ్డు మలుపులో ఇంటికప్పు కంటే ఎత్తున నిలబడిన సిమెంటు కొంగ.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం కొంగ కూడా కనిపించలేదు. మైదానమంతా మంచుతుఫాను కమ్మేసింది.

పశువులకు గడ్డి వేసి వస్తానని పొద్దున లారీలో వెళ్ళిన ఒమెల్కో ఇంకా తిరిగి రాలేదు. అతని భార్య పరస్కా కిటికీ వదలలేదు.

పక్కింటి ప్రోకిప్ మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు.

“నడుముకు తాడు కట్టుకుని కొంగ దాకా పోయొచ్చాం వదినా. నా చెయ్యి నాకే కనపళ్ళేదు. తెరిపివ్వాలి.”

“తెరిపిచ్చేదాకా ఉంటాడా?”

“ఉండకేం? అన్న మొండితనానికి చలే విసుగొచ్చి పోద్ది.”

పరస్కా నవ్వలేదు.

అప్పుడే గంట మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఒకే వరసలో, విడవకుండా.

పరస్కా శాలువా లాక్కుని గుమ్మం వైపు పరిగెత్తింది. కొంగను చూడాలని దారి మళ్ళి తుఫానులో చిక్కుకున్న ఒక ముసలాయనను, పాపమని ఆమే పొద్దున మ్యూజియంలో కూర్చోబెట్టి పొయ్యి రాజేసి వచ్చింది.

కంచె పట్టుకుని ఇద్దరూ చర్చికి చేరారు. ముసలాయన కోటు విప్పేసి, చెమటలు కక్కుతూ గంటతాడు లాగుతున్నాడు.

“తియ్యి చేతులు! ఆటవస్తువనుకున్నావా?”

“ఇంకాసేపు అమ్మా...”

“నా మొగుడు బయటున్నాడని చెప్పానా లేదా?”

“చెప్పావమ్మా. అందుకే...”

“అందుకని చావుగంట కొడతావా, పాపిష్టోడా!”

ఆమె అతని చేతుల మీద పడి రక్కింది. ప్రోకిప్ కత్తి తీసి తాడు కోసేశాడు.

“చూడ్డానికొచ్చావు, చూసి పో పెద్దాయనా. మా బతుకులతో నీకేం పని?”

ముసలాయన ఏదో చెప్పబోయాడు. పరస్కా మోకాళ్ళ మీద కూలి, ఆ మాట వినబడకుండా గొంతెత్తి ప్రార్థన అందుకుంది.

మర్నాడు ఉదయం తెరిపిచ్చింది. ఒమెల్కో చలికి బిగుసుకుపోయి, శవమై దొరికాడు.

“మోగిందంటే ఊరికే పోద్దా?” అన్నారు ఊరివాళ్ళు.

గాలి మెత్తటి మంచును ఊడ్చుకుపోయింది. ఒమెల్కో అడుగు పడి గట్టిపడిన చోట్లు మాత్రం మిగిలాయి. పోలీసు అధికారి ఆ జాడ వెంట నడిచి చూశాడు. ఆగిపోయిన లారీ దగ్గరనుంచి అది చర్చి వైపు గీత గీసినట్టు వచ్చింది. చర్చి ఇంకా కేకవేటు దూరంలో ఉందనగా, ఆ జాడ అక్కడక్కడే గుండ్రంగా తిరగడం మొదలైంది.

“అంత తుఫానులో ఇక్కడిదాకా ఇంత తిన్నగా ఎలా వచ్చాడు?” అన్నాడు అధికారి.

ప్రోకిప్ తల దించుకున్నాడు.

అధికారి పక్కన నిలబడ్డ ముసలాయన వైపు తిరిగాడు. “మీరేం చేస్తుంటారు?”

“తూర్పు తీరంలో లైట్‌హౌస్ కాపలాదారుగా చేశానయ్యా; పొగమంచులో దీపం కనబడని రోజున, పడవలన్నీ ఒడ్డుకు చేరేదాకా గంట కొట్టేవాణ్ణి,” అన్నాడు ముసలాయన.