నలభై గడపలు

మెట్లు మూడే. అయినా పాలకేంద్రం గడప మీద ఒట్టీలియా ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. పొద్దుటినుంచి ఇది పదకొండో గడప.

లోపల కోబీ జున్ను తూస్తూ మొహం తిప్పుకున్నాడు.

"ఆదివారం మీ ఆయనకి చెయ్యెత్తమనేగా వచ్చావు? మందలు ఊరేగింపుగా మేతకి కొండెక్కే రోజునే రోడ్డు తవ్వించాడమ్మా. గంటలు కట్టుకున్న నా ఆవులు బురదలో నిలబడితే ఊరంతా నవ్వింది."

ఆమె భర్త ఎమిల్, అపెన్‌జెల్ అనే చిన్న కొండరాష్ట్రం ప్రభుత్వంలో ఆరేళ్ళుగా రోడ్ల మంత్రి. అక్కడ మంత్రుల్ని ఏటా ఊరి నడుమ చౌకులో జనమే చేతులెత్తి ఎన్నుకుంటారు. అయిదేళ్ళు ఎవరి చేతా మాట పడలేదు. ఈ ఏడాదే ఏం పుట్టిందో, పశువుల సంతకి చౌకు ఇవ్వనన్నాడు. పాటల బృందం విందులో సూప్ రాకముందే లేచొచ్చేశాడు. ఇంట్లోనూ ముభావమే, ఆమె చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుంటాడు.

"ఈ ఒక్కసారికి చూడు కోబీ. పదవి పోతే మనిషి తట్టుకోలేడు."

కోబీ కాస్త మెత్తబడ్డాడు. "అసలు సభలో పోటీకి ఇంకో పేరు పిలుద్దామనే అనుకున్నాం. ఎన్నికైతే మీ ఆయనైనా నేనైనా అరవై అయిదేళ్ళు దాటందే పదవి వద్దనడానికీ, వదులుకోవడానికీ చట్టం ఒప్పుకోదాయె. నా పేరే పిలుస్తారేమోనని నాకు నిద్ర పట్టట్లేదు. సరేలే, ఎత్తుతాను."

తన జబ్బు సంగతి ఆమె చెప్పలేదు. రెండేళ్ళకి మించి ఆశ పెట్టుకోవద్దని డాక్టరు కిందటి మేలో దంపతులిద్దరికీ చెప్పాడు. ఒక ఏడు అయిపోయింది. జాలి చూపులు భరించలేక, ఎవరికీ చెప్పనని ఎమిల్ చేత ఒట్టు వేయించుకుంది. తను పోయాక పొద్దున్నే లేవడానికి అతనికో పని ఉండాలి. ఆమె బెంగంతా అదే.

ఆదివారం చౌకు నిండిపోయింది. నల్లకోటు వేసుకుని వేదిక మీద నిలబడ్డ ఎమిల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గుంపులోంచి ఎవరో కోబీ పేరు పిలిచారు. అక్కడక్కడా చేతులు లేచాయి. తర్వాత ఎమిల్ పేరు చదివితే చౌకంతా చేతులే. రెండోసారి చేతులు చూడక్కర్లేదు, ఎమిలే గెలిచాడన్నాడు సభ పెద్ద. ఎమిల్ కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషం పట్టలేక అనుకున్నారందరూ. ఒట్టీలియా కూడా అలాగే అనుకుంది.

ఇంటికొచ్చాక కోటైనా విప్పకుండా కూలబడ్డాడు.

"నిన్నటిదాకా తిట్టినవాళ్ళు, ఇంతమంది ఎలా ఎత్తారు?"

ఆమెకి నవ్వాగలేదు. "నలభై ఇళ్ళు తిరిగాను. మెట్లున్న ఇళ్ళు కూడా వదల్లేదు."

ఎమిల్ ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఈ ఒక్క ఏడాదీ నీ దగ్గరుండాలని, ఓడిపోదామనుకున్నాను ఒట్టీలియా."