నాలుగుకీ ఐదుకీ మధ్య

ఉదయం పదకొండు ఇరవై రెండుకి సైన్సు బ్లాకు లిఫ్టు నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల నలుగురున్నారు. బావుల మోటార్లు బాగుచేసే మెకానిక్కు, అతని కూతురు, వాళ్లకు యూనివర్సిటీ చూపిస్తున్న మూడో ఏడాది విద్యార్థిని, చంకలో చుట్టిన పటంతో రెండో అంతస్తులో ఎక్కిన పెద్దాయన.

గైడమ్మాయి ఎర్ర బటన్ నొక్కింది. "మనిషి బయల్దేరాడు. అరగంట పడుతుంది" అంది స్పీకర్లోంచి ఓ గొంతు.

తండ్రి వాచీ చూసుకున్నాడు. కూతురికి రెండు యూనివర్సిటీల్లోనూ సీటొచ్చింది. ర్యాంకుల్లో ఏది మొదటిదో ఏది రెండోదో ఏటా మారుతుంది గానీ, మూడోది మాత్రం దరిదాపుల్లో లేదు. ఏదో ఒకటి పన్నెండులోగా ఫోన్లో ఖాయం చెయ్యాలి. చెయ్యకపోతే రెండూ పోతాయి. ఒకసారి నొక్కాక మార్చుకోవడం లేదు. లిఫ్టులో సిగ్నల్ లేదు.

"తలుపు తెరిచేలోగా తేల్చుకో. ఇక్కడైతే మూడో ఏడే ఉద్యోగం చేతిలో పెడతారు."

"నూటికి తొంభై ఎనిమిది మందికి అంకుల్" అంది గైడమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండా. మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఉంది. జవాబులు వల్లె వేసుకుంటోంది.

ఆమె నొచ్చుకుంటుందని కూతురు తండ్రి చెవిలో గొణిగింది. "కొండమీది యూనివర్సిటీలో మేష్టార్లు పిల్లల పక్కన కూచుని వాదించుకుంటారట నాన్నా. తప్పయితే తప్పని ఒప్పుకుంటారట."

"ఒప్పుకుంటే జీతమొస్తుందా?"

పెద్దాయన అప్పటికే నేలమీద చతికిలబడి పటం పరిచాడు. నలభై బావులు, నెలనెలా నీటి మట్టాలు. పక్కన పెన్సిల్‌తో ఆరు పేజీల లెక్కలు. "ముప్పై తొమ్మిది ఎండాకాలంలో దిగాయి. ఇదొక్కటే పైకెలా వచ్చింది?" అని తనలో తనే అనుకుంటున్నాడు.

కూతురు వంగి చూసింది. కాసేపటికి ఆయన పక్కనే కూచుంది.

"ఎన్నింటికి కొలిచారు సర్?"

"ఏం?"

"మా నాన్నతో బావుల దగ్గరికి వెళ్తుంటాను. పగలంతా మోటారు తోడేస్తుంది. రాత్రి ఆగితే మళ్లీ ఊరుతుంది. తెల్లారి కొలిస్తే నిండుగానే కనిపిస్తుంది సర్."

పెద్దాయన వేలు గడుల వెంట జరిగింది. ముప్పై తొమ్మిది బావులు మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్య కొలిచినవి. ఆ ఒక్కటీ ఉదయం ఐదున్నరకి.

పెద్దవాళ్ల ముందు నోరు జారిందేమోనని తండ్రి ఆమె భుజం గిల్లాడు.

పెద్దాయన ఆరు పేజీలనూ అడ్డంగా కొట్టేశాడు. ఒక్కో పేజీకీ ఒక్కో గీత. "మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నానమ్మా. టైము గడి చూడనేలేదు. తప్పు నాదే." పెన్సిల్ ఆమె చేతిలో పెట్టాడు. "కానివ్వు. ఇంకా ఏం తప్పులున్నాయో చూడు."

ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. రెండుసార్లు ఆయన నెగ్గాడు, ఒకసారి ఆమె. ముప్పై ఏళ్ల పనిలో తండ్రి ఎందరో మేస్త్రీల కింద చేశాడు. తను బిగించిన వాషరు తప్పని ఒప్పుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. "అలా కాదు సర్" అని కూతురు అంటోంది, ఆయన తలూపి చెరిపేస్తున్నాడు. తండ్రి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పదకొండు యాభై ఒకటికి తలుపులు తెరుచుకున్నాయి. గైడమ్మాయి ఇంటర్వ్యూకి పరుగెత్తింది. ఫోన్లో సిగ్నల్ వచ్చింది.

"ఉద్యోగమూ ఇక్కడే, నువ్వడిగిన మేష్టార్లూ ఇక్కడే" అన్నాడు తండ్రి. "ఇంకేం కావాలే తల్లీ?"

"ఇంకేం అక్కర్లేదు నాన్నా."

పదకొండు యాభై మూడుకి ఆమె బటన్ నొక్కింది. సీటు ఖాయమైనట్టు మెసేజ్ వచ్చింది.

తండ్రి వెళ్లి పెద్దాయన చేతులు పట్టుకున్నాడు. "మా అమ్మాయి మీ దగ్గరే చేరింది సర్. ఇప్పుడే!"

"మంచి పని చేసింది. ఈ బావుల పని సగం తనకే అప్పజెబుతాను" అన్నాడు పెద్దాయన పటం చుట్టుకుంటూ. "ముందు స్టేషనుకి దారెటో ఎవర్నైనా అడుగుదాం రండి. పన్నెండున్నర రైలు దొరక్కపోతే సాయంత్రం క్లాసుకి మన కొండమీదికి చేరలేను."